అంతర్జాల కరపత్రం: టీకా తాత్పర్య విశేషాంశ సహితం

మూలం

ఇంటింటికీ ఫైబర్! 100 ఎంబీపీఎస్ వరకు* మెరుపు వేగం. అపరిమిత డేటా. వైఫై రౌటర్ ఉచితం. నెలకు రూ. 499 మాత్రమే. *షరతులు వర్తిస్తాయి. నేడే సంప్రదించండి.

అవతారిక

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోదలచిన గృహస్థుకు మొట్టమొదట ఎదురయ్యే గ్రంథం ఈ కరపత్రం. పొద్దున్నే పేపరు మడతలోంచి జారి పడుతుంది. లేదా అపార్టుమెంటు లిఫ్టు పక్కన అంటించి కనిపిస్తుంది. సంస్థను బట్టి, ఊరిని బట్టి అంకెలు మారతాయి గాని పాఠం ఇంచుమించు ఇదే. కర్త అజ్ఞాతం. ఛందస్సు లేదు. రసం అద్భుతం, లైను పడ్డాక మొదటి ఆదివారం రాత్రి అది రౌద్రంగా మారడం కద్దు.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమవాడు; నేటి కొల్చారమే ఆయన ఊరని చెబుతారు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ ఆయన నియమం. కరపత్ర కర్తకు అలాంటి నియమమేదీ లేదు కనుక ఆ బరువు కూడా వ్యాఖ్యాత మీదే పడుతుంది. మూలంలో ఉన్నవి ఇరవై మాటలు. వాటిలో పంతొమ్మిది ‘వరకు’ అనే ఒక్క మాటను మోయడానికి వచ్చినవే.

ప్రతిపదార్థం

ఇంటింటికీ = (లైను వెళ్ళిన వీధులలోని) ప్రతి ఇంటికిని; ఫైబర్ = గాజుతీగ; 100 ఎంబీపీఎస్ వరకు = సెకనుకు పది కోట్ల బిట్లకు మించకుండునట్లుగా; మెరుపు వేగం = మిక్కిలి త్వరితమైన గతి; అపరిమిత = హద్దు ఇంతయని ఇక్కడ చెప్పబడని; డేటా = సమాచార రాశి; వైఫై రౌటర్ = కొమ్ములు గల పెట్టె; ఉచితం = తగినది; నెలకు రూ. 499 మాత్రమే = పన్ను కాక నాలుగు వందల తొంభై తొమ్మిది; షరతులు = నియమములు; వర్తిస్తాయి = ఉన్నవి; నేడే = ఈ దినముననే; సంప్రదించండి = ఫోను చేయుడు.

తాత్పర్యం

ఓ గృహస్థుడా! మా తీగ మీ వీధికి వచ్చి ఉన్నట్లయితే, దాని గుండా సెకనుకు పది కోట్ల బిట్లకు మించకుండా, ఎంత వీలైతే అంత, మీకు అందిస్తాం. నెలకు ఇంత వాడుకోవచ్చునని ఒక లెక్క ఉంది. దాన్ని ఇక్కడ చెప్పడం లేదు. పెట్టె మాదే, మానేసిన రోజున తిరిగి ఇవ్వాలి. ధరకు పన్ను కలుపుకోండి. తక్కినవి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మనసు మారకముందే ఫోను చేయండి.

విశేషాంశాలు

ఇంటింటికీ. ఇల్లు అనే మాటను రెండుసార్లు పలికినందువల్ల వచ్చిన రూపం. రెండోసారి పలికినదానికి ఆమ్రేడితమని పేరు. ఒక్క ఇంటినీ విడవకుండా అని చెప్పదలచినప్పుడు ఇలా పలుకుతారు. అయితే లోకంలో ఈ ఆమ్రేడితం వీధి చివరి స్తంభం దగ్గర ఆగిపోతుంది. “మీ వీధిలో మన లైనుంది సార్” అని సేల్స్ కుర్రవాడు అనగానే సంతోషపడకూడదు. వీధిలో లైనుండటం వేరు, ఆ స్తంభం మీది డబ్బాలో ఖాళీ పోర్టు ఉండటం వేరు, అక్కడి నుంచి ఇంటిదాకా తీగ లాగడానికి దారి ఉండటం వేరు. అదే అపార్టుమెంటులో, వీలైతే అదే అంతస్తులో, ఆ లైను ఇప్పటికే వాడుతున్నవారు ఎవరని అడగాలి. పేరు చెప్పలేకపోతే ఇంటింటికీ అన్నది అతిశయోక్తి అలంకారం.

ఈ మాటను అక్షరాలా నిజం చేయాలని ప్రభుత్వాలూ పూనుకున్నాయి. గ్రామ పంచాయతీలన్నిటికీ గాజుతీగ చేర్చే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తరవాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగించి, టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల ధరతో మొదలుపెట్టింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. తెలంగాణకు టీ-ఫైబర్ ఉంది. స్తంభాన్ని ఆశ్రయించిన తీగకు స్తంభం కష్టాలే కష్టాలు. చెట్టుకొమ్మలు కొట్టేవారు, లారీలు, కోతులు సరేసరి. 2025 ఆగస్టులో విద్యుత్ ప్రమాదాల దరిమిలా హైదరాబాదులో స్తంభాలకు వేలాడే కేబుళ్ళను కత్తిరించినప్పుడు చాలా ఇళ్ళలో ఇంటర్నెట్ ఆగిపోయింది. లైను ఏ దారిన వస్తోందో కనెక్షన్ తీసుకోకముందే ఒకసారి తలెత్తి చూడటం మంచిది.

ఫైబర్. శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెబుతారు. అభిధ చేత ఫైబర్ అంటే వెంట్రుక మందపు గాజుతీగ. అందులో వెలుగు ప్రయాణిస్తుంది. ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించాలి. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు నదిలో పల్లె ఉండదు కనుక గంగ ఒడ్డున అని చెప్పుకుంటాం గదా. అలాగే చాలా కరపత్రాల్లో ‘ఇంట్లో ఫైబర్’ అంటే ఇంటి దగ్గర్లో ఫైబర్ అని. గాజుతీగ అపార్టుమెంటు సెల్లారు దాకానో, వీధి మలుపు దాకానో వస్తుంది. అక్కడి నుంచి ఫ్లాటులోకి వచ్చేది మామూలు రాగితీగ. ఇక వ్యంజన చేత స్ఫురించే అర్థం, పక్కింటివారి కంటే ఒక మెట్టు పైన ఉన్నామని.

లక్షణో అభిధో తేల్చడానికి శాస్త్రాలు తిరగేయనక్కరలేదు. గోడలోంచి లోపలికి వచ్చే తీగ చివరను చూస్తే చాలు. సన్నటి తీగ, కొసన పచ్చరంగు ప్లాస్టిక్ ముక్క, అది తెల్లటి పెట్టెలో గుచ్చుకుంటే అసలు ఫైబర్. లావుపాటి నీలం లేదా బూడిదరంగు వైరు, కొసన క్లిక్కుమనే ఎనిమిది పళ్ళ క్లిప్పు ఉంటే అది ల్యాన్ వైరు. ఫైబర్ బయటే ఆగింది. ల్యాన్ వైరుకు 100 మీటర్లు హద్దు. అంతకు మించి లాగితే వేగం తగ్గుతుంది. పైగా వానాకాలంలో మెట్లగోడ మీది స్విచ్చు తడిసినా, అపార్టుమెంటు వరండాలో కరెంటు పోయినా ఇంట్లో నెట్ పోతుంది.

ఫైబర్ కాని మార్గాలు కొన్ని ఉన్నాయి. ప్రాచీనమైనది డయలప్. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచింది. ఆ శాఖలో వేగం ఎంత పెరిగినా 56 కేబీపీఎస్ దాటలేదు. అది వాడుతున్నంత సేపూ ఇంటి ఫోను ఎంగేజే. తరవాతది అదే టెలిఫోను రాగితీగ మీద మాటకూ ఇంటర్నెట్‌కూ చోటు పంచిన ఏడీఎస్ఎల్. బీఎస్ఎన్ఎల్ 2005లో ఇంటింటా పరిచయం చేసింది ఇదే. ఎక్స్ఛేంజీకి దగ్గరి ఇల్లు సుఖపడుతుంది, నాలుగైదు కిలోమీటర్ల అవతలి ఇల్లు ఉస్సురంటుంది.

ఈ సందర్భంలో ‘బ్రాడ్‌బ్యాండ్’ శబ్దం గురించి ఒక మాట. 2004 విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్. 2013లో అది 512 అయింది. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ అయింది. ‘కంపు’ అనే మాట సువాసన నుంచి దుర్వాసనకు దిగడానికి శతాబ్దాలు పట్టింది. ఈ మాట మాత్రం ఇరవై ఏళ్ళు నిండకుండానే మూడర్థాలు మార్చింది. ఇప్పటికీ ఆ అర్థం కరపత్రంలోని 100కు చాలా కిందే ఉంది గనుక, మాకు బ్రాడ్‌బ్యాండ్ ఉందని ఎవరైనా చెబితే తెలిసేది ఏమీ లేదు.

నవ్యుల శాఖ ‘ఎయిర్ ఫైబర్’. గాలి తీగ. తార్కికులు లేనిదానికి ఉదాహరణగా చెప్పే గగనకుసుమం, కుందేటి కొమ్ము కోవలో చేరవలసిన సమాసమిది. కాని వస్తువు ఉంది. డాబా మీద బిగించిన పెట్టె దగ్గర్లోని 5జీ టవరును పట్టుకుంటుంది, అక్కడి నుంచి ఇంట్లోకి వైరు. జియో దీన్ని 2023 సెప్టెంబరులో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు ఇంట్లో అద్దెకుండేవారికీ, ఊరి చివర కొత్త వెంచరులో తొలి ఇల్లు కట్టుకున్నవారికీ ఇది వరం. అయితే ఆ టవరునే పేటలోని ఫోన్లన్నీ పట్టుకుని వేలాడుతుంటాయి. సాయంత్రం వేగం పడిపోతే పెట్టె దోషం కాదు. ఉపగ్రహ మార్గంలో పాతకాలపు ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కనుక వెళ్ళి రావడానికే అర సెకను పడుతుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్తవాటికి ఆ ఆలస్యం లేదు. తీగా టవరూ రెండూ అందని ఏజెన్సీ గూడేలకు అది అక్కర. కూకట్‌పల్లి మూడో అంతస్తుకు కాదు.

సిద్ధాంతం ఏమంటే, ఇంట్లోకంటా వచ్చే గాజుతీగ దొరికితే వేరే విచారం వద్దు. అది లేకపోతే ల్యాన్ వైరూ ఎయిర్ ఫైబరూ రెండిటినీ ఎవరి ఇంట్లోనైనా సాయంత్రం పూట చూసి ఎంచుకోవాలి. రాగి టెలిఫోను తీగ ఆఖరి గతి. ఒక్కరే ఉంటూ, వాట్సప్, యూట్యూబ్ తప్ప మరో అక్కర లేనివారికి ఫోనులోని డేటాయే చాలునన్న సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు.

100. పాత వాడుకలో శతమంటే అనేకమని కూడా అర్థం. ఆ అర్థాన్నే ఇక్కడ తీసుకుంటే తగవే లేదు. అంకెగా తీసుకుంటే అది ఇంటికి చాలా అన్నది ప్రశ్న. నెట్‌ఫ్లిక్స్ లెక్కలో ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5, 4కే బొమ్మకు 15 ఎంబీపీఎస్ చాలు. హాల్లో 4కే టీవీ, ఒక గదిలో ఆఫీసు మీటింగు, మరో గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో ఫోనులో సీరియలు, అన్నీ ఒక్కసారి నడిచినా 40 దాటడం కష్టం. కాబట్టి నలుగురి ఇంటికి 300 ప్లాను అమ్మేవారిని ఎందుకని అడగవచ్చు. పెద్ద పెద్ద ఫైళ్ళు దించుకునేవారికి, గేములు ఆడేవారికి జవాబు ఉంటుంది; తక్కినవారికి ఉండదు. అడగవలసిన మరో అంకె ఎగువ వేగం, అంటే ఇంట్లోంచి బయటికి పోయేది. వీడియో కాల్‌లో అవతలివారికి మన ముఖం ముక్కలుగా కనబడితే తప్పు దానిదే. ఫైబర్ ప్లానుల్లో అది తరచు దిగువ వేగంతో సమానంగా ఉంటుంది. కరపత్రంలో మాత్రం దాని ఊసు ఉండదు.

ఎంబీపీఎస్. ఇది శ్లేష. ఇంగ్లీషులో చిన్న ‘బి’ రాస్తే బిట్టు, పెద్ద ‘బి’ రాస్తే బైటు. ఎనిమిది బిట్లు ఒక బైటు. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదమే లేదు కనుక తెలుగు కరపత్రంలో ఎంబీ అన్నది ఏ ఎంబీయో బ్రహ్మకూ తెలియదు. రూఢి ఇలా ఉంది: వేగం చెప్పేటప్పుడు బిట్లు, ఫైలు పరిమాణం చెప్పేటప్పుడు బైట్లు. ప్లాను 100 అయితే ఫైలు దిగేటప్పుడు తెర మీద 12 చిల్లర కనబడుతుంది. ఇది మోసం కాదు, భాగహారం. రెండు జీబీల సినిమాకు 160 సెకన్లు పడుతుంది. ఈ సంగతి తెలియక కస్టమర్ కేరుతో గొడవపడి, తరవాత తెలిసి మిన్నకున్నవారు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరు ఉంటారు.

వరకు. ఇదే మూలానికి ఆయువుపట్టు. హద్దును చెప్పే మాటలకు పాణినీయులు రెండు అర్థాలు చెబుతారు. హద్దును విడిచి చెబితే మర్యాద, హద్దును కలుపుకుని చెబితే అభివిధి. ‘ఊరి వరకు వాన కురిసింది’ అంటే ఊళ్ళో కురిసిందా, పొలిమేరలోనే ఆగిందా అన్నది ఈ రెంటిలో ఏది తీసుకున్నామో దాన్ని బట్టి ఉంటుంది. ‘100 వరకు’ అన్నప్పుడు గృహస్థు అభివిధిని తీసుకుంటాడు: నూరూ వస్తుందని. సంస్థ మర్యాదను తీసుకుంటుంది: నూరు తప్ప ఏదైనా రావచ్చునని. “అప్ టు అన్నాం కదా సార్” అని ఫోనులో వినిపించే వాక్యం మర్యాదా పక్షానిది. మర్యాద అన్న మాటకు గౌరవమని మరో అర్థం ఉన్నందువల్ల ఆ వాక్యాన్ని ఎంతో మర్యాదగా చెబుతారు.

‘వరకు’కు కారణం పంపకం. ఫైబర్ సంస్థలు ఎక్కువగా వాడే పద్ధతిలో ఎక్స్ఛేంజీ నుంచి బయలుదేరిన ఒక్క గాజుతీగలో సెకనుకు సుమారు 2,500 ఎంబీ దిగువకూ, 1,250 ఎగువకూ పోతాయి. దారిలో కరెంటు అక్కరలేని చిన్న గాజు ముక్క దాన్ని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీలుస్తుంది. 64 ఇళ్ళకు తలా 100 అమ్మితే మొత్తం 6,400. కాలువలో ఉన్నది 2,500. అందరూ ఒకేసారి గేట్లెత్తితే ఇంటికి వచ్చేది 39. అందరూ ఒకేసారి ఎత్తరన్న నమ్మకం మీదే వ్యాపారం నడుస్తుంది, చాలావరకు ఆ నమ్మకం నిజమే. సాగర్ కాలువ కింద వంతులు పెట్టుకున్నట్టే ఇది. ఇళ్ళ కనెక్షన్లలో ఒకరి వాటాను యాభై మందికి మించి పంచకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏ ఇంటిలో వేగం పడిపోతుందో ఆ ఇల్లు చివరి ఆయకట్టు.

మరి వస్తున్నది ఎంతో తెలిసేదెలా? నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. శబ్దం కరపత్రమే. ఆప్తుని మాట మాత్రమే ప్రమాణమన్నారు. అమ్మేవాడు ఆప్తుడు కాడు. ఉపమానం పక్కింటాయన: “మాకు బ్రహ్మాండంగా వస్తోందండీ.” ఆయన ప్లాను వేరు, ఆయన చూసేది పొద్దున పూట వార్తలు. అనుమానం, తెర మీద సుడి తిరుగుతోంది కనుక నెట్ రావడం లేదని తేల్చడం. పొగను బట్టి నిప్పును ఊహించినట్టు ఉంటుంది గాని ఇది హేత్వాభాస; ఇంటర్ ఫలితాల రోజున అందరి ఇళ్ళలోనూ సుడే తిరుగుతుంది, దోషం ఆ సైటుది.

మిగిలింది ప్రత్యక్షం, అంటే స్పీడ్ టెస్టు. ఇంద్రియానికీ వస్తువుకూ సన్నికర్ష ఉంటేనే ప్రత్యక్షం సిద్ధిస్తుంది. పడగ్గదిలో మంచం మీద ఫోను పట్టుకుని చేసిన టెస్టులో మధ్య రెండు గోడలు, ఒక బీరువా ఉన్నాయి; అది లైను వేగం కాదు, గోడల దళసరి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రౌటర్‌కు కలపాలి. ఇంట్లోని మిగతా ఫోన్లూ టీవీలూ వైఫై నుంచి తప్పించాలి. ఆఫీసువారి వీపీఎన్ ఆపాలి. అప్పుడు టెస్టు.

ఉదాహరణకు 100 ప్లాను ఇంట్లో అలా చేస్తే తెర మీద 94 కనబడిందనుకుందాం. అది నూటికి నూరు. ఆ ఆరు ఎక్కడికి పోయాయంటే, సమాచారం 1,500 బైట్ల పొట్లాలుగా కట్టి వస్తుంది, ప్రతి పొట్లానికీ చిరునామా చీటీలు, కట్టుతాళ్ళు ఉంటాయి. టెస్టు లోపలి సరుకునే తూస్తుంది. మిర్చి యార్డులో బస్తాకు తరుగు తీసినట్టే. 200 ప్లాను తీసుకున్నాక కూడా అదే 94 కనబడితే మాత్రం దోషం లైనుది కాదు. ఎక్కడో 100 దాటనివ్వని పోర్టు ఉంది. లేదా ల్యాన్ వైరులోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగింది. నాలుగు తీగలతో 100 నడుస్తుంది, ఆ పైకి పోవాలంటే ఎనిమిదీ బాగుండాలి. ముప్పై రూపాయల క్లిప్పు సరిగా నొక్కనందువల్ల ఏడాది పాటు సగం వేగానికి పూర్తి డబ్బు కట్టే ఇళ్ళు లేకపోలేదు.

టెస్టు దేనితో చేయాలన్నది మరో చిక్కు. 2006లో వచ్చిన ఊక్లా స్పీడ్‌టెస్ట్ దగ్గర్లోని సర్వరును తానే ఎంచుకుంటుంది. అది తరచు ఆ సంస్థ సొంత ఆవరణలోనే ఉంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. సర్వరును మార్చి చెన్నైదో ముంబైదో ఎంచుకుని కూడా చూడాలి. నెట్‌ఫ్లిక్స్ 2016లో తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్ ఆ సంస్థ బొమ్మలు వచ్చే సర్వర్ల నుంచే కొలుస్తుంది కనుక సినిమా చూసేవారికి అదే సూటి ప్రమాణం. అదే ఏడాది ట్రాయ్ కూడా మైస్పీడ్ అనే యాప్ ఇచ్చింది. ఒక్కసారి చేసింది టెస్టు కాదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదిన్నరకు, మూడు రోజులు చేసి కాగితం మీద రాసుకుంటే కాలువ స్వరూపం బోధపడుతుంది. ఫోను డేటా మీద ఇలా పదే పదే చేసేవారు ఒకటి గమనించాలి: 100 వేగంతో పావు నిమిషం టెస్టు చేస్తే 190 ఎంబీ దాకా ఖర్చవుతుంది. తూకం చూడటానికే సరుకు అయిపోతుంది.

మెరుపు వేగం. మేఘం నుంచి నేలకు దారి ఏర్పడ్డాక కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపు పరుగు వెలుగు వేగంలో దాదాపు మూడో వంతు. గాజుతీగలో వెలుగు పోయే వేగం మూడింట రెండు వంతులు, అంటే సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కాబట్టి ఫైబరును మెరుపుతో పోల్చడం న్యూనోక్తి. కరపత్రం మొత్తంలో తక్కువ చేసి చెప్పిన చోటు ఇదొక్కటే.

అయితే ఈ వేగం వేరు, 100 అన్న వేగం వేరు. కాలువ వెడల్పు ఎంత అన్నది ఒకటి, వదిలిన నీరు పొలానికి చేరడానికి ఎంత పొద్దు పడుతుందన్నది ఒకటి. రెండో దాన్ని స్పీడ్ టెస్టులో పింగ్ అని మిల్లీసెకన్లలో చూపిస్తారు. చూపు 100 దగ్గరే ఆగుతుంది గనుక దాన్ని ఎవరూ చదవరు. ఇంటికి దగ్గరి సర్వరుకు అది పదికి లోపు ఉంటే మేలు. గుంటూరులోని తల్లిదండ్రులు డల్లాస్‌లోని కూతురితో మాట్లాడుతుంటే దూరం పద్నాలుగు వేల కిలోమీటర్లు. గాజులో వెలుగు నేరుగా పోయి వచ్చినా 140 మిల్లీసెకన్లు, సముద్రాల అడుగున చుట్టు తిరిగి వచ్చేసరికి 200 దాటుతుంది. “వినపడుతోందా అమ్మా?” అన్న మాటకు జవాబు కొంచెం ఆగి రావడం అందువల్ల. ఆ ఆలస్యాన్ని ఏ ప్లానూ తీసేయలేదు.

తీసేయగల ఆలస్యం ఒకటుంది. ఇంట్లో ఎవరో పెద్ద ఫైలు పంపుతుండగా మరొకరి కాల్ తడబడుతుంది. రౌటర్ పొట్లాలను అతిగా పోగేసి, చిన్న పొట్లాన్ని వాటి వెనక నిలబెట్టడం దీనికి కారణం. ఫాస్ట్ డాట్ కామ్‌లో వివరాలు నొక్కితే లైను ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, నిండుగా ఉన్నప్పటి ఆలస్యం విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది 8, రెండోది 300 అయితే కొనవలసింది పెద్ద ప్లాను కాదు, మంచి రౌటర్.

అపరిమిత. అ అనే పూర్వపదంతో కూడిన నఞ్ సమాసం. నఞ్‌కు ఆరు అర్థాలు: పోలిక, లేమి, వేరుదనం, కొద్దిదనం, చెడుదనం, విరోధం. గృహస్థు లేమి అర్థం తీసుకుని పరిమితి లేనిదని సంబరపడతాడు. కాని అనుదర అంటే కడుపు లేని పిల్ల అని కాదు, సన్నని నడుము గలదని; అక్కడ నఞ్‌కు కొద్దిదనం అర్థం. అలాగే అపరిమితమంటే కొద్దిపాటి పరిమితి గలదని సాధించవచ్చు. ఆ పరిమితి చాలా ప్లానుల్లో నెలకు 3,300 జీబీ. దానికి ‘సముచిత వినియోగ విధానం’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు పేరు ఉంది. 100 వేగంతో ఆగకుండా లాగితే అది 73 గంటల్లో అయిపోతుంది. కాని గంటకు 7 జీబీ తాగే 4కే బొమ్మను రోజుకు పదిహేను గంటలు చూస్తే గాని మామూలు ఇంట్లో అది ఒడవదు. హద్దు దాటాక వేగం ఎంతకు పడుతుందో అడగాలి. 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదని ట్రాయ్ 2016లో ఆదేశించింది. ఒకప్పుడు అదే బ్రాడ్‌బ్యాండ్ అన్నది పైన చూశాం.

ఉచితం. సంస్కృతంలో తగినది, తెలుగులో ఊరికే వచ్చేది. టీకలో మొదటి అర్థాన్నే తీసుకోవడానికి కారణం, ఆ పెట్టెకు డిపాజిట్ కట్టించుకుంటారు, లేదా ఆరు నెలల డబ్బు ముందే తీసుకుంటారు. తగినదా అన్నది వేరే విచారం. ఉచితంగా వచ్చే పెట్టెల్లో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ ఒక్క పట్టీలోనే పనిచేస్తాయి. ఆ పట్టీ గోడలు దాటి దూరం పోతుంది గాని, అందులో ఒకదానికొకటి అడ్డు రాని దారులు మూడే: 1, 6, 11. అపార్టుమెంటులో ముప్పై రౌటర్లు ఆ మూడు దారుల్లో తోసుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంత సేపూ అదీ ఆ పట్టీలోనే అరుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలం, వేగం, కాని గోడంటే భయం. రెండు పట్టీలూ ఉన్న పెట్టె అడిగి పుచ్చుకోవాలి. పెట్టెను చెప్పుల స్టాండు మీద, టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన పెట్టి వేగం లేదనడం న్యాయం కాదు. ఈశాన్యమా ఆగ్నేయమా అని వాస్తు చూసేవారూ ఉన్నారు; రేడియో తరంగాలకు ఇంటి నడిమధ్య, తలకంటే ఎత్తున అన్నదొక్కటే వాస్తు.

మాత్రమే. ఇది తక్కినవాటిని తోసిపుచ్చే మాట. 499 తప్ప ఇంకేమీ లేదని అర్థం రావాలి. నూటికి 18 జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలు. బిగింపు ఖర్చు వేరే. ఏడాదికి ఒకేసారి కడితే నెల ఉచితమంటారు. కొత్త లైను తీరు తెలియకముందే ఏడాది కట్టడం, పిల్లను చూడకుండా తాంబూలాలు పుచ్చుకోవడం ఒకటే.

షరతులు వర్తిస్తాయి. వాక్యార్థం తేలడానికి ఆకాంక్ష తీరాలి. ఎవరికి వర్తిస్తాయన్న ఆకాంక్ష ఇక్కడ తీరదు. షష్ఠీ విభక్తిని కావాలనే విడిచారు. నక్షత్రం గుర్తు ‘వరకు’ నెత్తినే ఎందుకు కూర్చుందో మాత్రం ఇంతవరకు చదివినవారికి చెప్పనక్కరలేదు. షరతుల్లో తప్పక వెతకవలసినవి మధ్యలో మానేస్తే వచ్చే కోత, పెట్టె తిరిగి ఇచ్చాక డిపాజిట్ వెనక్కి వచ్చే గడువు. ఇంట్లో సర్వరు నడుపుకునేవారు, పాతకాలపు సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూడదలచినవారు ఇంకొకటి అడగాలి: ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్ళకు పంచుతున్నారా అని. పంచుతుంటే బయటివారు ఆ ఇంటి తలుపు తట్టలేరు. విడి చిరునామాకు విడి ధర.

నేడే సంప్రదించండి. కనెక్షన్ తీసుకోకముందు ఈ మాట గృహస్థుకు సంస్థ చెప్పేది. తీసుకున్నాక గృహస్థు ప్రయత్నించేది. “రౌటర్ ఆఫ్ చేసి రెండు నిమిషాలాగి ఆన్ చేయండి మేడమ్” అన్నది తొలి చికిత్స. పనిచేస్తుంది కూడా, అందుకే విసుక్కోకూడదు. పెట్టె మీద లాస్ అన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుగే రావడం లేదు. ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు, తీగ తెగిందని చెప్పి మనిషిని పంపమనాలి. ఎర్రదీపం లేకుండా వేగమే పడిపోతే వచ్చిన లైన్‌మన్ చేత వెలుగు బలం కొలిపించాలి. ఆ అంకె మైనస్ 27కు దగ్గరపడితే ఎక్కడో తీగ నలిగిందన్నమాట. తలుపు సందులో పడి నలిగిన చోటు, మేకుకు చుట్టిన చోటు, మిగిలిన తీగను చిన్న చుట్టగా బిగించి కట్టిన చోటు ముందు చూడాలి. గాజులో వెలుగు పదునైన మలుపు తిరగలేదు, బయటికి కారిపోతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ స్లోగా ఉంది’ అన్న వాక్యానికి విలువ లేదు. వైరుతో చేసిన టెస్టులు, తేదీలు, వేళలు చెప్పాలి. డాకెట్ నంబరు అడిగి తీసుకోవాలి. అది ఉంటేనే, జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అదే సంస్థలోని అప్పీలు అధికారి దగ్గరకు పోవడానికి వీలు. నంబరు పొడుగ్గా ఉంటుంది, అవతలివారు గబగబా చెబుతారు. రాసుకోవడానికి కరపత్రం వెనకవైపు ఖాళీగానే ఉంటుంది.